ఏడు గంటల గరగర

రోజూ సాయంత్రం ఏడింటికి మామయ్య టీవీ ఆపేయమంటాడు. పాత ల్యాండ్‌లైన్ రిసీవర్ చెవికి ఆనించి, కళ్లు మూసుకుని ఒక నిమిషం వింటాడు.

"ఎవరండీ ఆవిడ, రోజూ ఏడింటికే?" అని అత్తయ్య వేళాకోళం.

"ఎవరూ లేరే. అందుకే వింటున్నా."

మామయ్య ముప్పై ఏళ్లు టెలిఫోన్ లైన్‌మన్‌గా చేశాడు. ఈ అలవాటు మాత్రం ఉద్యోగం చివరి ఏడాదిలో, మా వెనక వీధి టైలరమ్మ వల్ల వచ్చింది.

ఆవిడ అక్కకు పుట్టుచెవుడు. వేరే ఊళ్లో ప్యాకింగ్ పని. అక్కచెల్లెళ్ల మాటలన్నీ చేతులతోనే, ఫోను తీగ మీద వచ్చే నెట్టుతో వీడియోలోనే, అక్క పని నుంచి వచ్చాకే. సరిగ్గా ఆ వేళకే బొమ్మ నిలిచిపోయేది. అక్క చేయి సగం మాట దగ్గర గాలిలో ఆగిపోయేది. ఆమెకు చూపు కూడా పోతోందని, ఇంకొన్ని నెలలేనని డాక్టరు చెప్పాడు.

టైలరమ్మ వారానికొకటి చొప్పున మూడు ఫిర్యాదులిచ్చింది. మామయ్య మూడుసార్లూ పొద్దున పదకొండింటికి వెళ్లి, మీటరు పెట్టి చూసి, కార్డు మీద "లైను బాగుంది" అని రాసి వచ్చాడు.

"సాయంత్రమైతే ఊరంతా నెట్టు మీదే పడుతుందమ్మా. ఒక్క కుళాయికి వంద బిందెలు," అన్నాడు మూడోసారి.

"పగలు బాగుంటే నాకెందుకన్నయ్యా? పగలు మా అక్క ఉండదుగా. ఒక్కసారి ఏడింటికి రండి."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు ఏడింటికి వెళ్లి రిసీవర్ ఎత్తాడు. గరగర. జనం ఎక్కువైతే నెట్టు నెమ్మదిస్తుంది గానీ చెవికేమీ వినపడదు. వినపడిందంటే జబ్బు తీగలోనే.

టార్చి వేసుకుని తీగ వెంట వెళ్తే పిట్టగోడ మీద అతుకు కనిపించింది. టంకం వేయలేదు, చేత్తో మెలిపెట్టి వదిలేశారు. పగటి ఎండకు బిగుసుకుని, చల్లబడగానే వదులవుతోంది. మెలిక ఎడమవైపు తిరిగి ఉంది. ఆఫీసు మొత్తానికి ఎడమచేతివాటం మామయ్య ఒక్కడిదే.

"ఈ అతుకు నాదేనమ్మా."

"ముందు కలపండన్నయ్యా, అక్క చూస్తుంటుంది."

టంకం వేశాడు. కాసేపటికి తెర మీద అక్క చేయి కదిలింది. టైలరమ్మ చేతులతో ఏదో చెప్పింది. ఏం చెప్పావని అడక్కుండానే మామయ్య సంచి సర్దుకుని బయల్దేరాడు.

ఆ తర్వాత అక్కకు చూపు నాలుగు నెలలే నిలిచింది. వృథాగా పోయిన ఆ మూడు వారాల సంగతి టైలరమ్మ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తేది మామయ్యే.

ఇప్పుడు రిటైరయ్యాడు. వీధిలో ఎవరు లైను చూడమన్నా ఏడింటికే వెళ్తాడు.