సున్నాకు కింద గడి లేదు

2023 జూలై 18, మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. ఉప్పల్ కూడలికి దగ్గరగా, హార్డ్‌వేర్ దుకాణం పై అంతస్తులో ఉన్న మా కార్యాలయంలో, నా ఎదుటి కంప్యూటరు తెరమీద మా గల్లీ కనిపించింది. బొమ్మగా కాదు, పట్టికలో ఒక వరుసగా. నాచారంలో మా ఇంటివైపు వచ్చే వరద కాలువ పని పేరు, దానికి కేటాయించిన సొమ్ము, ఖర్చయిన సొమ్ము, చిట్టచివరి గడిలో "పూర్తి" అన్న మాట. సమయం అంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం, ఆ వరుస చదువుతుండగానే అమ్మ ఫోన్ చేయడం.

"బిడ్డా, మొగులు మస్తు పట్టింది. మీ నాయిన మోటరు ఇప్పుతుండు. నువ్వు జర జల్ది రా."

మోటరంటే పిండి గిర్ని మోటరు. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చిన మా నాయిన నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో చాలాకాలం పనిచేశారు. అది మూతపడ్డాక ఇంటి ముందు గదిలో గిర్ని పెట్టారు. వెనక గదిలో మేముంటాము. గది రోడ్డుకంటే పల్లం. మోటరు నేలకు బోల్టులతో బిగించి ఉంటుంది. నీళ్లు తగిలితే దాని లోపలి రాగితీగ చుట్ట కాలిపోతుంది. అంతకు ముందటి వానాకాలంలో అలా కాలిపోతే గిర్ని చాలా రోజులు మూతపడింది. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేనే, ఆ డిగ్రీ కూడా గిర్ని రాళ్ల కింద నలిగిన జొన్నల పుణ్యమే. అందువల్ల మబ్బు పట్టినప్పుడల్లా నా చూపు కిటికీవైపు పోతుంది.

మా కార్యాలయం పని ఏమిటో ఇంట్లో చెప్పడానికి నేను చాలాసార్లు ప్రయత్నించాను. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి ఖర్చుపెడుతున్నామని ప్రభుత్వాలు ప్రకటిస్తాయి. అయితే ఆ డబ్బు వేరే పెట్టెలో ఉండదు. రోడ్లలో, సాగునీటిలో, కరెంటులో, కాలువల్లో కలిసిపోయి ఉంటుంది. బడ్జెటులోని పనులను ఒక్కొక్కటిగా చదివి, ఏ పనికి వాతావరణంతో ఎంత సంబంధముందో మేము గుర్తువేస్తాము. పూర్తిగా ఉంటే రెండు, కొంత ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. తరువాత, అనుకున్న డబ్బు ఖర్చయిందా, పని అయిందా అని చూస్తాము. ప్రతి వరుసకూ ఇద్దరు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, వేర్వేరుగా గుర్తు వేయాలి. ఆ పైన ఇద్దరూ తమ కారణాలను మా కార్యాలయం నడిపే మేడం ఎదుట పైకి చదవాలి. కాగితంలో ఉన్నదే సాక్ష్యం. కళ్లతో చూసినది సాక్ష్యం కాదు. ఈ క్రమశిక్షణ నాకు ఇష్టం. చదువు నాకు ఇచ్చిన గౌరవమంతా అందులోనే ఉందనిపించేది.

ఆ వరుస ఎదుట మాత్రం నా చెయ్యి ఆగిపోయింది. కాలువ పూర్తి కాలేదని నాకు తెలుసు. మా గల్లీ మొదట్లో, కిరాణా కొట్టు మూలన, కొత్త సిమెంటు గోడలు ఆగిపోయి ఉన్నాయి. అక్కడినుంచి మా ఇంటిదాకా మట్టి, రాళ్లు, ప్లాస్టిక్ సంచులు. ఈ నివేదిక నెలాఖరుకు, మాకు ఈ పని అప్పగించిన ప్రభుత్వ శాఖకు చేరుతుంది. "పూర్తి" అయిన పనులు జాబితాలోనుంచి తొలగిపోతాయి. మిగిలిన పనులకే తరువాతి సంవత్సరం డబ్బు అడుగుతారు. ఆ మాట అలాగే వెళ్లిపోతే మా గల్లీకి కాలువ అడిగేవారే ఉండరు. ప్రతి వానకూ నాయిన ఆ మోటరు ఇప్పుతూనే ఉంటారు.

కాదని రాయడం సులభమే. కానీ అది మా ఇల్లు. నేను రాసేది నిజమే అయినా, ఆ నిజంవల్ల లాభపడేది నేనే. మిరపకాయలు పట్టిన తరువాత అమ్మ ఎప్పుడూ గుప్పెడు నూకలు వేసి గిర్ని తిప్పుతుంది. ఆ పిండి ఎవరికీ ఇవ్వదు, పారబోస్తుంది. లేకపోతే తరువాత వచ్చినవాళ్ల రొట్టెలో ఘాటు తగులుతుంది. నా గుర్తులోనూ మా ఇంటి ఘాటు ఉంటుందేమోనని భయపడ్డాను. పైగా నా ఉద్యోగ ఒప్పందం ఆ సెప్టెంబరులో ముగుస్తుంది. సొంత గల్లీ కోసం పట్టికను వంచిందన్న మాట ఒక్కసారి పడితే, దాన్ని కడుక్కోవడానికి ఏ నూకలూ సరిపోవు. వరుసను ఖాళీగా వదిలి ఇంటికి వెళ్లాను.

నేను వెళ్లేసరికి మోటరు మంచంమీద, పాత దుప్పటి కప్పుకుని, జ్వరమొచ్చిన మనిషిలా ఉంది. ఆ రోజు వాన గట్టిగా కురవలేదు. విషయం చెబితే అమ్మ వెంటనే అంది:

"నీ చేతుల పనే గదా. గాలేదని రాయి, అయిపాయె. గిందుల ఫికర్ ఏంది?"

"మన ఇల్లు కదమ్మా. నేను రాయకూడదు."

"మన ఇల్లు మునిగితె నువ్వు రాయొద్దా? మరి పక్కూరోళ్లు మునిగితె రాస్తవా?"

నాయిన బోల్టులు ఒక డబ్బాలో వేస్తూ, తల ఎత్తకుండా నవ్వారు. "సర్కారుకే లెక్కలు జెప్పే బిడ్డ ఉన్నదని గల్లీల అందరికి జెప్పుకుంటి. మా కాలువ అయిపోయిందని నాకే జెప్పవట్టె."

"నేను రాయలేదు నాయినా, వాళ్లు రాసిన్రు."

"ఎవరో ఒకరు రాసిన్రు. నీళ్లయితె సదువుకోలే, వస్తయి."

గురువారం సమావేశం. ఆ వరుసకు నాతోపాటు గుర్తు వేయవలసిన సహోద్యోగి ఏఎస్ రావు నగర్‌లో ఉంటాడు; వాళ్ల నాన్నగారు ప్రభుత్వరంగ సంస్థలో ఇంజనీరుగా కోస్తానుంచి వచ్చి స్థిరపడ్డారు. ప్రతి సమావేశానికీ పల్లీల పొట్లం తెస్తాడు. ఆ రోజూ నావైపు జరిపి, "ఇవాళ యుద్ధమా అండీ, సంధా?" అన్నాడు. తన వంతు రాగానే చదివాడు: "పని పేరు వరద నివారణ. అందువల్ల రెండు. బిల్లులన్నీ చెల్లించారు. అందువల్ల పూర్తి."

మేడం నావైపు చూశారు. ఇంగ్లిషులో జాగ్రత్తగా కూర్చుకున్న వాక్యాలు తెలుగులోనే బయటికి వచ్చాయి. "మేడం, ఈ వరుసకు నేను గుర్తు వేయలేదు. మా ఇల్లు ఆ గల్లీలోనే ఉంది. కానీ ఆ కాలువ మా గల్లీ మొదట్లోనే ఆగిపోయింది. కాగితంలో అది లేదు."

ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "గుర్తు వేసేవాళ్లుగా ఉంటారా, సాక్షిగా ఉంటారా? రెండూ కుదరవు."

"సాక్షిగా ఉంటాను మేడం."

"అయితే మీ మాటా నేను తీసుకోలేను. మన నియమంలో లేకపోయినా, వేరేవాళ్లు వెళ్లి చూడాలి." సహోద్యోగివైపు తిరిగారు. "మీరు వెళ్లిరండి."

"సాక్షికి పల్లీలు పెట్టొచ్చాండీ, లంచమవుతుందా?" అన్నాడు అతను. మేడం కళ్లజోడు పెట్టుకుని తరువాతి వరుసకు వెళ్లారు.

శనివారం మధ్యాహ్నం అతను బండిమీద నాచారం వచ్చాడు. మోటరు మళ్లీ బిగించి ఉంది; గిర్ని ముందు ఇద్దరు ఆడవాళ్లు జొన్నల డబ్బాలతో నిలబడి ఉన్నారు. అమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసి అడిగింది:

"నువ్వేనా బిడ్డా, మా కాలువ అయిపోయిందని రాసినోనివి?"

"అంటే... పేరు చూసి రాశానండీ."

"పేరు సూసి పిల్లనిస్తరా ఎవరన్న?" అంది డబ్బాలవాళ్లలో ఒకామె. రెండో ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను ఎర్రబడి, అమ్మ ఇచ్చిన చాయ్ నిలబడే తాగేశాడు. ఈలోగా చినుకులు మొదలయ్యాయి. నాయిన గిర్నిని తిప్పే బెల్టు పట్టా తీసి, బోల్టులు ఇప్పడానికి మోటరు దగ్గర కూర్చున్నారు. మేమిద్దరం కిరాణా కొట్టు చూరు కిందికి వెళ్లాము.

వాన పెద్దదయింది. మొదట కాలువలో ఏమీ కదల్లేదు. అంతలోనే సిమెంటు గోడల మధ్యనుంచి నీళ్లు ఒక్కసారిగా వచ్చాయి. అంతకుముందు ఏళ్లలో నీళ్లు ఎలా వచ్చేవో నేను అప్పుడే గుర్తుచేసుకున్నాను: పై కాలనీల ఖాళీ జాగాల్లో నిలబడి, రోడ్లమీద పరుచుకుని, సాయంత్రానికి మెల్లగా మా గడప ఎక్కేవి. ఇప్పుడు ఆ నీళ్లన్నిటినీ కొత్త కాలువ ఒక్కచోటికి చేర్చి, దారి చూపించి, గోడలు ఆగినచోట మా గల్లీలోకి విసిరేస్తోంది. కాలువ మా దాకా రాలేదనే ఇన్ని రోజులూ అనుకున్నాను. వచ్చినంతమేర అది మాకు కీడు చేస్తోందని నాకూ తెలియలేదు.

సహోద్యోగి చూరు కిందనుంచే వంగి, గోడలు ఆగిన అంచును చూశాడు. తరువాత, "పని ఒప్పందం ఇక్కడిదాకేనండీ, నిన్న కాగితాలు చూశాను. ఇక్కడిదాకా బాగానే కట్టారు. కాబట్టి పూర్తి అన్నది అబద్ధం కాదు," అన్నాడు.

"మరి దీనికి ఏం గుర్తు వేస్తారు?"

"రెండు కాదు. ఒకటీ కాదు. సున్నా అంటే సంబంధం లేదని. దీనికి సంబంధం లేకపోవడమేమిటి?" నీళ్లవైపు చెయ్యి చూపించాడు. "మన దగ్గర సున్నాకు కింద గడి లేదండీ."

గల్లీలోనుంచి నాయిన కేక వినిపించింది. పరుగెత్తి వెళ్లేసరికి గడప లోపల మడమలు మునిగే నీళ్లు. మోటరుకు ఇంకా రెండు బోల్టులు మిగిలి ఉన్నాయి. ఒకటి తుప్పుపట్టి తిరగడంలేదు. అమ్మ మెయిన్ స్విచ్ ఆపింది. సహోద్యోగి బూట్లతోనే లోపలికి దిగి పానా పట్టుకున్నాడు. నేనూ, అమ్మా మోటరును పైకి ఎత్తిపట్టుకున్నాము. "ఎడమకు, ఎడమకు తిప్పు బిడ్డా, అటు తిప్పితె బిగుస్తది!" అని నాయిన అరుస్తూనే ఉన్నారు. బోల్టు వచ్చింది. మోటరు మంచంమీదికి చేరింది. దాని అడుగుభాగం తడిసింది; లోపలికి నీళ్లు వెళ్లాయో లేదో ఆరబెట్టి చూసేదాకా తెలియదు. ఆ రాత్రి మా ఇంట్లో అందరమూ దానివైపే చూస్తూ పడుకున్నాము.

సోమవారం అతను ఆ వరుసకు తాను వేసిన రెండును తీసేశాడు, వేరే అంకె వేయలేదు. చూసినది నాలుగు వాక్యాల్లో రాసి, గుర్తు గడిని ఖాళీగా ఉంచాడు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా మా పట్టిక మొత్తం కూడిక చూపించదు. ఆ పేజీ అంతా ఎర్రబడి ఉంటుంది. మేడం సున్నా వేయమన్నారు. "అది అబద్ధమవుతుందండీ," అన్నాడు. రెండేళ్లుగా అతను ఆవిడకు ఎదురుచెప్పడం నేను చూడలేదు. నివేదిక గడువు ముంచుకొస్తోంది. ఆవిడ గది తలుపు వేసుకుని శాఖకు ఫోన్ చేశారు. గాజు తలుపుకు అవతల ఆవిడ పెదవులు కదలడం చూస్తూ, అటు సెప్టెంబరునూ ఇటు మంచంమీది మోటరునూ తలుచుకుంటూ కూర్చున్నాను. బయటికి వచ్చాక ఆవిడ ఒకటే అన్నారు: "వాళ్లకు నచ్చలేదు. కానీ కాదనలేదు. సున్నాకు కింద ఒక గడి పెట్టండి."

మోటరు ఆరాక తిరిగింది. ఆ రోజు మొదట పట్టినది గుప్పెడు నూకలు. అమ్మ ఆ పిండిని పారబోసింది.

ఆ తరువాత మారినవి ఇవి. మా పట్టికలో సున్నాకు కింద "కీడు" అన్న గడి చేరింది. దాన్ని వాడాలంటే ఒకరు స్వయంగా వెళ్లి చూసి రావాలి. ఎవరి ఇంటిదగ్గరి పనికి వారు గుర్తు వేయకూడదన్న నియమం వచ్చింది. నా ఒప్పందం పొడిగించారు. మా గల్లీ కాలువ "పూర్తి" నుంచి "మిగిలి ఉంది"లోకి మారింది, ఇప్పటికీ అక్కడే ఉంది. నాయిన మోటరు కింద నడుమెత్తు సిమెంటు దిమ్మె కట్టించారు.