బాజూ అంటే ఏమిటో తెలిసిన రోజు

రాష్ట్రానికి కర్ణాటక అనే పేరు వచ్చిన కొత్తలో నేను మచిలీపట్నం నుంచి బీదర్ వచ్చి ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరాను. గాంధీ గంజ్ అనే ధాన్యం బజారులో ఒక కొట్టు మీది గది అద్దెకు దొరికింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకునే వేళకే కింద బజారు మొదలయ్యేది. లారీల హారన్లు, వేలం కేకలు, వాటన్నిటినీ మించి "బాజూ! బాజూ!" అని హమాలీల అరుపులు. చెవుల్లో దూది పెట్టుకున్నా లాభం లేకపోయింది. కొన్నాళ్లకు వార్డులో నిలబడే కునికిపాట్లు పడసాగాను. ఉద్యోగం మానేసి ఇంటికి వెళ్లిపోదామనిపించింది.

దగ్గరలోని జనవాడ అనే ఊళ్లో ప్రశాంతమైన గది ఉందని తోటి నర్సు చెబితే సెలవు రోజున ఉదయం బస్సెక్కాను. ప్రయాణం అరగంటకు మించదు, టికెట్టుకు చిల్లర చాలు. దారి పొడవునా ఎర్రమట్టి, కంది చేలు. ఇంటావిడ లక్ష్మమ్మ తెలుగులో పలకరించేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. జొన్నరొట్టె, పుంటికూర (మా వైపు గోంగూర) పెట్టింది. తింటూ, గంజ్ కేకలకు నిద్ర పట్టడం లేదని ఆమెతో చెప్పుకున్నాను. గది చూడ్డానికి వెళ్లి, అక్కడి చాప మీద నడుం వాల్చినదాన్ని మధ్యాహ్నం దాటాక లేచాను.

లక్ష్మమ్మ గడపలో కూర్చుని పప్పు ఏరుతోంది. "మేడం, మా ఆయన మల్లయ్య గంజ్‌లనే మూటలు మోస్తడు. ఆయన గొంతు మీకు ఇనవడ్తదా?" అని అడిగింది.

"అందరూ బాజూ అనే అరుస్తారు. ఆ మాటకు అర్థమేమిటో కూడా నాకు తెలియదు."

"పక్కకు జరగుండ్రి అని! వీపు మీద మూట ఉంటె ముంగట మనిషి కనవడడు గద."

గది నచ్చింది కానీ, రాత్రి డ్యూటీకి అందే బస్సు లేదు. ఏమీ తేల్చుకోకుండానే తిరిగొచ్చాను.

మర్నాటి రాత్రి డ్యూటీ ముగించుకుని పొద్దున వచ్చేసరికి మా కిటికీ కింద వింత నిశ్శబ్దం. మెట్ల దగ్గర ఒక హమాలీ నిలబడి ఉన్నాడు. "నర్సమ్మ మీరేనా? నేను మల్లయ్యను. మీకు నిద్ర వడ్తలేదని మా ఆమె చెప్పింది. ఈడ అరవొద్దని అందరికి చెప్పిన," అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపే ఒకతను బస్తా కింద వంగి, చప్పుడు లేకుండా వస్తూ కనిపించాడు. అతని దారిలోనే ఒక ముసలమ్మ చతికిలబడి రాలిన గింజలు ఏరుకుంటోంది.

"బాజూ!" అని గొంతు చించుకుని అరిచాను.

ముసలమ్మ చటుక్కున పక్కకు జరిగింది. బస్తా ఆమె కొంగును రాసుకుంటూ వెళ్లింది. మల్లయ్య నవ్వాడు. "మా అందరి కన్న మీ గొంతే గట్టిగుంది మేడం!"

"మీరు అరవండి మల్లయ్యన్నా. నా కోసం ఆపొద్దు," అన్నాను.

పైకెళ్లి పడుకున్నాను. కేకలు మళ్లీ మొదలయ్యాయి. అందులో మల్లయ్య గొంతు ఏదో పోల్చుకోవాలని వింటూ వింటూ నిద్రలోకి జారిపోయాను. ఆ గదిలోనే రెండేళ్లు ఉన్నాను. గోల ఏమీ తగ్గలేదు. ఎవరు, ఎందుకు అరుస్తున్నారో తెలిశాక అది నా మీదికి వస్తున్నట్టు అనిపించడం మానేసింది, అంతే.

గంజ్ చూడాలనుకునేవారు పొద్దున్నే వెళ్లండి, సందడంతా అప్పుడే. వెనక నుంచి "బాజూ" అని వినబడితే మాత్రం తిరిగి చూడకండి, ముందు పక్కకు జరగండి.