అవ్వ ఇంటి ముందు సైకిలు దారి

మా పక్కింటి అవ్వ పోయింది. కోర్టులో నేను నకళ్లు రాసుకుంటుండగా మా వీధి జట్కా అతను వాకిలి దగ్గర నిలబడి, "సామీ, మీ పక్కింటి అవ్వ పాయ. పొద్దున కాఫీ తాగి లోటా కింద పెట్టిందంట, అంతే" అని చెప్పి, సవారీ ఉండాదని వెళ్లిపోయాడు.

సెలవు చెప్పి సైకిలెక్కి ఇంటికి వచ్చాను. వీధంతా జనం. సైకిలు నిలుపుకుందామంటే అవ్వ ఇంటి ముందు తప్ప ఇంకెక్కడా చోటు లేదు. అక్కడ నిలపడానికి నాకు చెయ్యి రాలేదు. నడిపించుకుంటూ వీధి చివరిదాకా వెళ్లి కొట్టు గోడకు ఆనించి వచ్చాను. ఎందుకంత సిగ్గుపడ్డానో చెప్పాలంటే అవ్వ సంగతి మొదటినుంచీ చెప్పాలి. పోయినవాళ్లను గురించి రాసేటప్పుడు వాళ్ల మంచితనం రాయడం మామూలు. అవ్వ మంచితనం రాయబోతే మా వీధివాళ్ల బతుకు బయటపడుతోంది. అయినా రాస్తాను.

తిరుపతిలో మా వీధి మీకు తెలియకపోయినా అటువంటి వీధి మీరు చూసే ఉంటారు. రైలు దిగిన యాత్రికులంతా కొండకు పోయేది దానిమీదుగానే. ఒకప్పుడు వెడల్పుగానే ఉండేదట. మా తాతల కాలంలో మా వరసలోని వాళ్లంతా ఇంటి గోడలకు ఆనించి, వీధిలోకి జరుగుతూ, రాతి తిన్నెలు కట్టుకున్నారు. వచ్చేపోయేవాళ్లు కూర్చుంటారు, యాత్రికులు పడుకుంటారు, పుణ్యం కదా అనుకున్నారు. పుణ్యం మాటేమోగానీ వీధి సగమైంది.

అవ్వ లోకమంతా ఆ తిన్నె మీదే ఉండేది. మొగుడు పోయినప్పటినుంచీ ఆమె పేరంటాలకు పోలేదు, పెళ్లిళ్లకు పోలేదు. ఒక్కతే కూతురు పాకాలలో కాపురముంటుంది. తెల్లవారి వాకిలి చిమ్మి నీళ్లు చల్లాక ఒక కాలు మడుచుకుని తిన్నెమీద కూర్చుంటే, దీపాలు పెట్టేవేళకు లేచేది. ఒళ్లో చేట, చేటలో చెనిక్కాయలో, బియ్యమో. పక్కన మంచినీళ్ల కడవ. దాహమన్నవాళ్లకు ఎవరూ ఏమిటీ అని అడగకుండా చెంబు ముంచి ఇచ్చేది.

సైకిలువాళ్లకు ఆ తిన్నె బాగా అనువుగా ఉండేది. దిగే పని లేకుండా ఒక కాలు తిన్నె అంచుమీద మోపి, చెంబు అందుకుని, గటగటా తాగి పోయేవాళ్లు. అవ్వకు అది నచ్చేది కాదు. "దిగి తాగరా నాయనా, గుర్రమెక్కి వచ్చిన రాజు మాదిరి! పొర పోయి దగ్గొస్తే యాడ పట్టుకునేది నిన్ను?" అనేది. చెంబు మాత్రం వెనక్కి తీసుకునేది కాదు. గంట విని మనిషిని చెప్పేది. "ఇది తపాలాయన. ఇది పాలబ్బి. ఇది నువ్వు అబ్బోడా, నీ గంట మోగదు, దగ్గుతాది" అని నన్ను ఆట పట్టించేది. నాకు పిల్లలు పుట్టిన తర్వాత కూడా ఆమెకు నేను అబ్బోడినే.

యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క వీధిలో సైకిళ్లు పెరిగాయి. వెనక బొగ్గు కుంపటి తగిలించుకుని నడిచే బస్సులు, ఎద్దుల బండ్లు, జట్కాలు, కొండకు పోయే జనం, వీటి మధ్య సైకిళ్లు. ఒకరోజు పొద్దున్నే పాలబ్బి రెండువైపులా పాల క్యాన్లు తగిలించుకుని వస్తున్నాడు. ఎదురుగా బస్సు, పక్కన బండి. తప్పుకోబోయి పాల క్యాను తిన్నె అంచుకు కొట్టుకుని పడ్డాడు. ఆ తిన్నె మాదే. అతని కాలు బండి చక్రం కింద నలిగింది.

అవ్వ చేట విసిరేసి పరిగెత్తింది. ఇద్దరి సాయంతో అతన్ని ఎత్తి తన తిన్నెమీద పడుకోబెట్టి, తన చీర కొంగు చించి కట్టు కట్టింది. పాలు కాలవలోకి పోతున్నాయి. అతను నొప్పి మరచి పాల గురించి ఏడుస్తుంటే, "పోనీ రా పాలు. కాలు సూసుకో. ఆవు మళ్లా ఇస్తాది" అంది. పాలబ్బి కాలు అతుక్కుంది గానీ కుంటితనం మిగిలిపోయింది.

ఆ తర్వాతే వీధిలో సైకిళ్లకు వేరే దారి కావాలన్న మాట లేచింది. మునిసిపాలిటీకి అర్జీ పెట్టాం. వాళ్ల మనిషి వచ్చి చూసి, "మీ వరస తిన్నెలు తీసేసుకోండి. ఆ జాగాలో గ్రావెలు పోసి సైకిళ్లకు దారి వేయిస్తాం" అని చెప్పి పోయాడు. న్యాయమైన మాట.

దానిమీద చర్చకు వీధి పెద్దలంతా అవ్వ తిన్నెమీదే చేరారు, అదే అన్నిటికంటే పొడుగైంది కనుక. అవ్వ లేచి చోటిచ్చి, తలుపు చాటున నిలబడింది. ఎదురు వరసవాళ్లు దారి కావాల్సిందేనని గట్టిగా పట్టుబట్టారు. వాళ్ల తిన్నెలు పోవు కదా మరి. మా వరసలో తాసిల్దారు పనిచేసి దిగిన పెద్దాయన లేచి, "దారి మంచిదే. కాకపోతే కొండకు వచ్చే యాత్రికులు యాడ పండుకుంటారు? ఆ పాపం మనకెందుకు?" అన్నాడు. ఆయన తిన్నెమీద ఏ యాత్రికుడూ ఒక్కపూటైనా పడుకుని ఎరగడు. కుక్క పడుకున్నా కర్ర తెచ్చేవాడు. మూల కొట్టాయన, "మొదలుపెట్టేదేదో ఆ కొసనుంచి మొదలుపెట్టండప్పా, ఈ కొసకు వచ్చేలోపల నేను కొట్టు సర్దుకుంటా" అన్నాడు. ఆ కొసాయన ఈ కొసనుంచి మొదలుపెట్టమన్నాడు.

అప్పుడు నేను లేచాను. నేను సైకిలు తొక్కేవాణ్ని, కోర్టులో వాదనలు వినీ వినీ మాట నేర్చినవాణ్ని. పాలబ్బి కాలు గురించి చెప్పాను. వీధి అందరిదీ అన్నాను. మన సుఖంకోసం ఎదుటివాడి కాలు విరగ్గొట్టే హక్కు మనకు లేదన్నాను. కొందరు తలలూపారు, కొందరు భేష్ అన్నారు. నాకు ఒళ్లు తెలియలేదు. అంతలో కొట్టాయన, "మరి మీ తిన్నె?" అని అడిగాడు.

"అందరితో పాటే" అన్నాను.

ఆ మాట అందరికీ ఎంత నచ్చిందో చెప్పలేను. తాసిల్దారాయన అందరితో పాటే అన్నాడు. కొట్టాయన అందరితో పాటే అన్నాడు. ఆ కొసాయనా అదే అన్నాడు. ఇంటి పని కనుక రాయి కదిలించడానికి మంచిరోజు చూడాలని ఎవరో పంచాంగం తెప్పించి, దశమి బాగుందని తేల్చారు. అందరూ వక్కాకు వేసుకుని ఇళ్లకు పోయారు. మా ఆవిడ ఆ పూట, "అయితే దశమికి మనుషుల్ని పిలిపిస్తారా?" అని అడిగింది. "చూద్దాంలే, ముందు ఎవరైనా మొదలుపెట్టనీ" అన్నాను. వీధిలో ప్రతి ఇంట్లోనూ ఆ పూట ఇదే మాట జరిగి ఉంటుంది.

ఒక్క ఇంట్లో జరగలేదు. దశమినాడు పొద్దున్నే గడారి చప్పుడుకు నిద్ర లేచాను. బయటికి వస్తే అవ్వ తిన్నె సగం లేచిపోయి ఉంది. ఇద్దరు కూలీలు గడారులతో రాళ్లు పెళ్లగిస్తున్నారు. అవ్వ దుమ్ములో నిలబడి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూస్తోంది. నన్ను చూసి నవ్వింది.

"ఏమబ్బోడా, మీ కూలోళ్లు ఇంకా రాలా? పెందలాడే రమ్మని సెప్పల్ల. ఎండెక్కితే వొంగరు."

"వస్తారవ్వా" అన్నాను.

అవ్వ మాకు బుద్ధి చెప్పాలని ఆ పని చెయ్యలేదు. నలుగురు పెద్దలు కూర్చుని, పంచాంగం చూసి, రోజు పెట్టుకుని ఒక మాటంటే అది జరుగుతుందనుకుంది. ఆ ఉదయం వీధంతా గడారులు మోగుతాయనుకుంది. ఆమె పొరపాటల్లా మా మాట నమ్మడం.

మధ్యాహ్నానికి ఆమె తిన్నె నేలమట్టమైంది. కూలీలు గడారులు భుజాన వేసుకుని తిన్నగా మా ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డారు. "అవ్వ పంపింది సామీ. మాది అయిపాయ, పొద్దుండాది గదా, అబ్బోడిది మొదలుపెట్టండి అనింది" అన్నారు. అవ్వ వాళ్ల వెనకే తన వాకిట్లో నిలబడి ఉంది. వీధిలో ప్రతి తిన్నెమీదా ఒకరో ఇద్దరో కూర్చుని నావంకే చూస్తున్నారు. నేను మొదలుపెడితే వాళ్లకూ తప్పదు. నేను మానితే వాళ్లకు ఊపిరి ఆడుతుంది.

"ఈ రోజు కాదులేప్పా, మళ్లీ కబురు పెడతాను" అన్నాను.

కూలీలు వెళ్లిపోయారు. అవ్వ లోపలికి పోయి మజ్జిగ కలిపి తెచ్చి నాకు ఇచ్చింది. "ఎండలో నిలబడినావు, తాగు" అంది. ఆ మజ్జిగ తాగాను. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత కొన్నాళ్లు, నేను కోర్టుకు పోయేటప్పుడల్లా, "ఎప్పుడబ్బోడా?" అని అడిగేది. కొట్టాయన పెళ్లి పనుల్లో ఉన్నాడనీ, తాసిల్దారాయన ఊళ్లో లేడనీ, ఆషాఢం వచ్చిందనీ చెప్పేవాణ్ని. కొంతకాలానికి అడగడం మానేసింది. అడగడం మానేసినందుకు నాకు హాయిగా ఉండేది. ఇప్పుడు అది తలచుకుంటే తల ఎత్తలేకపోతున్నాను. ఒక్క ఇంటి జాగాకు గ్రావెలు పోయడానికి మునిసిపాలిటీవాళ్లు ఎందుకు వస్తారు? అవ్వే ఎర్రమట్టి తెప్పించి, నీళ్లు చల్లి, కాళ్లతో తొక్కి చదును చేసుకుంది. అంతే మా ఊరి సైకిలు దారి, ఒక ఇంటి వాకిలంత పొడుగు.

తిన్నె పోయాక అవ్వ తలుపు లోపల పీట వేసుకుని కూర్చునేది. అక్కణ్నించి చూస్తే వీధి కనిపించదు, ఎదురింటి గోడ కనిపిస్తుంది. గంటలు మాత్రం వినిపించేవి. మా ఆవిడ మనసు ఆగక, "మా తిన్నెమీదికి రా అవ్వా, నీడగా ఉంటుంది" అని పిలిచింది. అవ్వ, "వద్దు పాపా. అదీ పోయేదే గదా. మళ్లా దానికి అలవాటు పడితే అది పోయినప్పుడు ఇంకోసారి బాధ" అంది. ఆ మాట ఎత్తిపొడుపుగా అందో, నిజంగానే అందో మాకు తెలియలేదు. మా ఆవిడ మళ్లీ పిలవలేదు.

ఆమె పోయిన రోజున పాడె కట్టడానికి వీధి మొత్తానికి అదొక్కటే చోటు. ఆ ఎర్రమట్టిమీదే ఆమెకు నీళ్లు పోశారు, అక్కడే వెదుళ్లు పేర్చారు. పాలబ్బి కుంటుకుంటూ వచ్చి తాళ్లు బిగించాడు. మేమంతా ఎవరి తిన్నెమీద వాళ్లం కూర్చుని చూశాం. తాసిల్దారాయన కళ్లు తుడుచుకుని, "ఎంత త్యాగం! దారి పడినప్పుడు దానికి ఆమె పేరే పెట్టల్ల" అన్నాడు. అందరూ అవునన్నారు. నేను కూడా తల ఊపాను.

పెద్దకర్మ అయిన మరునాడు అవ్వ కూతురు మా ఇంటికి వచ్చింది. పాకాల బండికి ఇంకా వ్యవధి ఉంది. మా తిన్నెమీద కూర్చుని, "అన్నా, ఒక మాట అడగల్లనుకుంటా ఉండా. ఇల్లు బాడిగకు ఇస్తామంటే వచ్చేవోళ్లంతా ముందర తిన్నె లేదే అంటా ఉండారు. మళ్లా కట్టిద్దామా అంటే మా ఆయన సరే అన్నాడు. నువ్వేమంటావు?" అని అడిగింది.

కట్టుకోమని చెప్పే ముఖం నాకు లేదు. కట్టొద్దని చెప్పే హక్కూ లేదు. "మీ అమ్మ ఏమనేది?" అన్నాను.

"పోయిన నెలలో కూడా అడిగితినన్నా. వద్దనింది. ఊరక ఖర్చు, అందరూ తీసేస్తారు, అబ్బోడు సెప్పినాడు, వాడు మాట తప్పడు అనింది."

నేను వీధివైపు చూస్తూ కూర్చున్నాను. స్టేషనువైపునుంచి ఎవరో ఊరికి కొత్త మనిషి, సైకిలుమీద వస్తున్నాడు. వెనక బస్సు హారను కొడుతోంది. అవ్వ ఇంటి దగ్గరికి రాగానే ఎర్రమట్టి జాగా చూసి పక్కకు తిప్పాడు. బస్సు అతన్ని దాటిపోయింది. అతను ధీమాగా ముందుకు తొక్కాడు. మా తిన్నె రాయి ఎదురు రాగానే బ్రేకు నొక్కి, తూలి, మళ్లీ రోడ్డుమీదికి తిప్పుకుంటూ నావంక చూశాడు. నేను కాళ్లు పైకి ముడుచుకున్నాను.