ఎన్నికల కథలు చెప్పే అంకుల్

రిటైరయ్యాక నేను అమెరికా ఎన్నికల మీద నాలుగు పుస్తకాలు కూర్చాను. రాశానని అనలేను. పెద్దవాళ్ల లావుపాటి గ్రంథాల్లోంచి ఓడిపోయిన అభ్యర్థుల కథలు, ప్రచారంలో జరిగిన తమాషాలు ఏరి ఒకచోట చేర్చి, సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్నాను. కొన్నవాళ్లు తక్కువే. అయినా ఇక్కడ అమెరికాలో మేముండే ఆష్‌బర్న్‌లో మన తెలుగు పిల్లలకు ఆదివారం క్లాసులు నడిపేవాళ్లు ఒకసారి మాట్లాడమని పిలిచారు.

నా కథలకు పిల్లలు బాగా నవ్వారు. నేనూ ఉబ్బిపోయాను. చివర్లో ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"అంకుల్, మీరు ఫస్ట్ టైమ్ ఓట్ చేసింది ఏ ఎలక్షన్‌లో?"

నేను సిటిజన్ అయి చాలా ఏళ్లయింది. ఒక్కసారీ ఓటు వేయలేదు. మొదట్లో ఆఫీసు పనని, తర్వాత నా ఒక్కడి ఓటుతో ఏమవుతుందని వాయిదా వేశాను. చివరికి అదే అలవాటైపోయింది. ఈ సంగతి ఆ గదిలో వెనక వరసలో కూర్చున్న మా ఆవిడకే తెలుసు.

"ఓటు సీక్రెట్ కదమ్మా, చెప్పకూడదు" అన్నాను.

అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. "ఎవరికి అని కాదు అంకుల్. ఎప్పుడు అని."

"గుర్తు లేదమ్మా" అన్నాను. నూరేళ్ల కిందట ఎవరు ఏ రైలెక్కి ప్రచారం చేశారో అంతసేపూ చెప్పింది నేనే. తల కొట్టేసినట్టయింది.

ఇంటికి బయల్దేరాం. కారులో మా ఆవిడ, "చిన్నపిల్ల దగ్గర అబద్ధమెందుకండీ? వెయ్యలేదని చెప్తే పోయేది కదా" అంది.

ఆ వారమే ఓటరుగా రిజిస్టర్ చేసుకున్నాను. నవంబరులో ఇద్దరం పోలింగ్‌కి వెళ్లాం. అది ప్రెసిడెంట్ ఎన్నిక కాదు. స్కూల్ బోర్డు, మన జిల్లాలాంటి కౌంటీ పదవులు. బ్యాలట్ మీద ఒక్క పేరూ నాకు తెలియదు. పక్క బల్ల దగ్గర మా ఆవిడ చకచకా నింపేస్తోంది. తెలియని పేరుకి గుర్తు పెట్టడానికి మనసొప్పక, ఖాళీ కాగితమే ఓట్లు లెక్కించే మెషీన్‌లో పెట్టాను. అది కుయ్యిమంది.

"సర్, ఇందులో ఏమీ నింపలేదు. ఇలాగే వేసేయమంటారా?" అని అక్కడున్న వాలంటీరు ఇంగ్లీషులో గట్టిగా అడిగాడు. వరసలో ఉన్నవాళ్లంతా నావైపు చూశారు. సిగ్గుతో చచ్చినంత పనైంది. "వేసేయండి" అన్నాను.

కొన్నాళ్లకు ఇండియన్ స్టోర్‌లో ఆ అమ్మాయి తల్లితో కనబడింది. దగ్గరికెళ్లి, "ఆ రోజు అబద్ధం చెప్పానమ్మా. అప్పటికి నేనెప్పుడూ ఓటే వెయ్యలేదు" అన్నాను.

"ఇట్స్ ఓకే అంకుల్" అని కార్ట్ తోసుకుంటూ వెళ్లిపోయింది. ఒక్క మాటా అనకుండా ఆ పిల్ల అంత తేలిగ్గా వదిలేయడమే నాకింకా కష్టంగా ఉంది.