లింగస్వామి తీసేసిన ఒక్క లైను

నేను టెస్టర్‌ని. ఇతరులు రాసిన యాప్‌లో తప్పులు వెతకడమే నాకు జీతమిచ్చే పని. ఇంట్లోనూ అదే గుణమని మా అమ్మ విసుక్కుంటుంది. అలాంటి నేను ఒక తప్పును కళ్లారా చూసి, నా చేత్తోనే దాని పక్కన "పాస్" అని టిక్కు పెట్టాను. లింగస్వామి గురించి చెప్పాలంటే ముందు ఇది చెప్పుకోక తప్పదు.

మా ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల సందులో, మూడో అంతస్తు. కింద రెండంతస్తుల్లో సర్కారు ఉద్యోగాల కోసం చదివే పిల్లలు కిక్కిరిసి ఉంటారు. పైన మేం తొమ్మిది మందిమి వాళ్లలాంటి వాళ్ల కోసమే "కొలువు కబురు" అనే యాప్ నడుపుతాం. ఏ ఉద్యోగం పడింది, పరీక్ష ఎప్పుడు, సర్టిఫికెట్ల పరిశీలన ఏ రోజు, అన్నీ అందులో ఉంటాయి. దరఖాస్తు పెట్టినవాళ్లు తమ పోస్టు ఎంచుకుంటే చాలు, ఏ మార్పు వచ్చినా ఫోన్ మోగాలి. ఆ మోగే భాగం రాసింది లింగస్వామి.

నకిరేకల్ దగ్గర పల్లె అతనిది. తండ్రి సైదులు ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆటో నడుపుతాడు. డిగ్రీ అయ్యాక ఇదే సందులో ఓ హాస్టల్లో ఉండి, ఇదే సందులో నాలుగు నెలల కోర్సు చేసి, ఇంటర్వ్యూల్లో ఇంగ్లీషు రాక నానా తిప్పలు పడి చివరికి మా దగ్గర చేరాడు. మనిషి నెమ్మది. అడిగిన దానికి చప్పున జవాబు చెప్పడు. బయట వాన పడుతోందా అంటే లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, చెయ్యి బయట పెట్టి, అప్పుడు "పడుతున్నది మేడమ్" అనేవాడు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. తర్వాత తెలిసింది, చూడకుండా ఏదీ చెప్పడని.

పనిలోనూ అంతే. యాప్ తనకు ఏ క్షణాన ఏం తెలుసో గుర్తుపెట్టుకునే దాన్ని మావాళ్లు స్టేట్ అంటారు. దాని మీద లింగస్వామికి పట్టింపు ఎక్కువ.

"యాప్‌కి తెల్సింది ఒకటి, తెర మీద చూపెట్టేది ఇంకోటి అయితే ఎట్ల మేడమ్? అది అబద్ధం చెప్పినట్టే గద" అనేవాడు. సొరుగులో నాలుగు పాత ఫోన్లు పెట్టుకుని, ఏది రాసినా వాటన్నిటి మీదా చూసుకునేవాడు.

పోయినేడు మా మేనేజర్ వంశీకృష్ణ గారికి డబ్బా పిచ్చి పట్టుకుంది. డబ్బా అంటే విడ్జెట్. యాప్ తెరవక్కర్లేదు, ఫోన్ మొదటి తెర మీదే చిన్న చదరంలో మీ పోస్టు, మీ తేదీ, ఇంకెన్ని రోజులుందీ కనిపిస్తుంది. లింగస్వామి నెల రోజులు కూర్చుని ముచ్చటగా చేశాడు. అడుగున సన్నటి బూడిద రంగు అక్షరాల్లో ఒక లైను కూడా పెట్టాడు: "ఆరు గంటల క్రితం చూసిన సమాచారం." ఆ అంకె గంటగంటకూ మారుతుంది. ఎందుకంటే కొన్ని ఫోన్లలో బ్యాటరీ పొదుపు పెడితే చాటున నడిచే యాప్‌లన్నిటినీ నిద్రపుచ్చేస్తుంది. నోటిఫికేషన్ రాదు. డబ్బా మారదు. పాత తేదీనే కొత్త తేదీలా చూపిస్తూ కూర్చుంటుంది. ఆ లైను ఉంటే చూసేవాడికి కనీసం అనుమానం వస్తుంది.

వంశీకృష్ణ గారికి ఆ లైను నచ్చలేదు.

"ఏంటండీ ఇది, పాచిపోయిన సరుకు మీద తేదీ వేసినట్టు? చూసినవాడికి నమ్మకం పోతుంది. తీసెయ్యండి."

"పాతదని తెల్వాలె గద సార్" అన్నాడు లింగస్వామి.

"పాతది ఎందుకవుతుంది? డెమో ఫోన్లో చూడండి, ఎంత బాగుందో."

ఈ డెమో ఫోన్ సంగతి చెప్పాలి. ఆఫీసుకు ఎవరొచ్చినా చూపించే ఫోన్ అది. ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంటుంది, అన్ని అనుమతులూ ఇచ్చి ఉంటాయి, బ్యాటరీ పొదుపు మాటే లేదు. ఎవర్నీ ముట్టుకోనివ్వరు కాబట్టి మేం దాన్ని పెళ్లికొడుకు అంటాం. పెళ్లికొడుకు ఫోన్లో అన్నీ పనిచేస్తాయి. అక్కడ పనిచేస్తే పని అయిపోయినట్టే, అది మా ఆఫీసు ఆచారం.

నేను బగ్ రాశాను, అంటే తప్పుందని లెక్కలో ఎక్కించాను. పాత ఫోన్లో మూడు రోజుల నాటి తేదీ చూపిస్తోందని ఫొటోలతో సహా పెట్టాను. విడుదల రోజు సాయంత్రం వంశీకృష్ణ గారు నా కుర్చీ పక్కన నిలబడి, "అలేఖ్యా, ఇదొక్కటే ఆగిందమ్మా, మూసెయ్యి, తర్వాత చూద్దాం" అన్నారు. పక్కన "పాస్" అని టిక్కు పెట్టి మూసేశాను. వనస్థలిపురం బస్సు అందుకోవాలన్న తొందర కూడా ఉందనుకుంటా. లింగస్వామి ఆ లైను తీసేశాడు. తీసేస్తూ నా వైపు ఒకసారి చూశాడు. నేను బ్యాగు సర్దుకుంటున్నాను.

అతని భార్య సింధూర ఎల్బీ నగర్‌లో ఓ ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో నర్సు. పన్నెండు గంటల డ్యూటీ. సర్కారు దవాఖానలో నర్సు పోస్టుకు మూడుసార్లు రాసి, మూడోసారి జాబితాలో పేరు తెచ్చుకుంది. వయసు హద్దు ప్రకారం అదే ఆఖరి అవకాశం. ఇక మిగిలింది సర్టిఫికెట్ల పరిశీలన, పద్దెనిమిదో తేదీన. ఆ పిల్లకు కాలు నిలవలేదు. పొద్దున లేస్తూనే సర్కారు సైటు, అన్నం తింటూ సైటు, డ్యూటీ మధ్యలో సైటు. నిద్ర కూడా పోవడం లేదని లింగస్వామి నాతో అన్నాడు.

ఒకరోజు అతను విసిగిపోయి, ఆమె ఫోన్లో మా డబ్బా పెట్టి ఇచ్చాడు.

"రోజూ గా సైటు చూసుడు ఇడిసిపెట్టు సింధూ. నేను చేసిన డబ్బా ఇది. తేదీ మారితే ఇదే చెప్తది."

ఆమె నమ్మింది. కట్టుకున్నవాడు చేసిందాన్ని నమ్మక ఏం చేస్తుంది?

ఆ ఫోన్ అంతకుముందు లింగస్వామిదే. బ్యాటరీ దెబ్బతిని మధ్యాహ్నానికే చచ్చిపోతుంటే, ఆమె డ్యూటీ అయ్యేదాకా నిలవాలని దసరా ముందు అతనే బ్యాటరీ పొదుపు పెట్టాడు. పెట్టి మరచిపోయాడు. సొరుగులో నాలుగు ఫోన్లు పరీక్షించే మనిషి, ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ చూడలేదు.

ఎనిమిదో తేదీన పరిశీలన తేదీ మారింది. పద్దెనిమిది కాదు, పదకొండునే రావాలన్నారు. ఆ కబురు మా ఆఫీసు నుంచే వెళ్లింది. సమాచారం ఎక్కించే పిల్ల లింగస్వామికి నాలుగు కుర్చీల అవతల కూర్చుని ఆ తేదీ మార్చింది. రోజుకు రెండు వందల ప్రకటనలు వస్తాయి, అవన్నీ అతను చదవడు. సర్కారు వాళ్ల మెసేజ్ దరఖాస్తులో ఇచ్చిన పాత నంబరుకు పోయింది. ఆమె ఫోన్లో డబ్బా మాత్రం ఆకుపచ్చగా, పద్దెనిమిది అనే చూపిస్తూ ఉంది.

పద్దెనిమిదిన లింగస్వామి సెలవు పెట్టాడు. తెల్లారి ఇద్దరూ కర్మన్‌ఘాట్ ఆంజనేయుడికి కొబ్బరికాయ కొట్టి, ఫైలు పట్టుకుని పరిశీలన జరిగే ఆఫీసుకు వెళ్లారు. అక్కడి గుమాస్తా కాగితం చూసి, మీది వారం కిందనే అయిపోయిందమ్మా అన్నాడట. సింధూర ఫోన్ చూపించింది. డబ్బాలో "మీ పరిశీలన ఈ రోజే" అని ఉంది.

"యాప్‌ల ఉంటే మేమేం జేస్తమమ్మా? మా సైటు సూసుకోవాలె గద" అన్నాడట ఆయన. తప్పు పట్టడానికి లేదు.

అప్పుడామె లింగస్వామి వైపు తిరిగి ఒకే మాట అంది. "నువ్వే గద చూడొద్దన్నవ్."

ఈ మాట అతనే నాకు చెప్పాడు, మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చి. ఇస్త్రీ చొక్కా, నుదుట సింధూరం అలాగే ఉన్నాయి. సింధూర కూడా వెంట వచ్చింది. నా పక్క కుర్చీలో ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది. అతను ఆమె ఫోన్ తీసుకుని, బ్యాటరీ పొదుపు తీసేసి, యాప్ తెరిచాడు.

ఒక్కసారిగా మోగడం మొదలైంది. పది రోజుల నుంచి ఆగిపోయిన నోటిఫికేషన్లన్నీ ఒకదాని వెనక ఒకటి. టింగ్, టింగ్, టింగ్. వాటిలో ఒకటి ఇది: "మీ తేదీ మారింది. పదకొండో తేదీన హాజరు కండి." ఆఫీసంతా తలలెత్తి చూసింది. ఆమె మాత్రం నేల చూపులు చూస్తూ, మోత ఆగేదాకా అలాగే కూర్చుంది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

వంశీకృష్ణ గారు గదిలోంచి వచ్చి సంగతి విన్నారు. "అయ్యో పాపం" అన్నారు. ఆ వెంటనే, "బ్యాటరీ పొదుపు ఆన్‌లో ఉందా? అయితే మన తప్పు కాదుగా" అన్నారు.

ఛీ, ఆ మాట వినగానే నాకు నోరు ఆగలేదు. "మన తప్పేనండీ. నేను రాశాను, మీరు మూయమన్నారు, నేను మూశాను" అని అందరి ముందూ అనేశాను. ఏం లాభం? అనాల్సింది విడుదల రోజున.

మర్నాడు లింగస్వామి ఎవర్నీ అడక్కుండా ఆ బూడిద రంగు లైను మళ్లీ పెట్టాడు. ఈసారి వంశీకృష్ణ గారు తీసెయ్యమనలేదు. సింధూర విన్నపాలు పెట్టుకుంది, ఆఫీసుల చుట్టూ తిరిగింది. గడువు దాటింది, కుదరదన్నారు. మళ్లీ అదే నర్సింగ్ హోమ్, అదే పన్నెండు గంటలు.

పోయిన ఆదివారం కర్మన్‌ఘాట్‌లో వాళ్లింటికి వెళ్లాను. క్షమాపణ చెప్పాలని వెళ్లి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చెప్పుల గురించీ, ఎండల గురించీ మాట్లాడాను. సింధూర మర్యాదగానే పలకరించింది. డబ్బా ఉన్న చోట ఆమె ఫోన్లో ఇప్పుడు ఏమీ లేదు, ఖాళీ.

"మేడమ్‌కి చాయ్ పెట్టు సింధూ. ఫ్రిజ్‌ల పాలున్నయి" అన్నాడు లింగస్వామి.

ఆమె లేవలేదు. గొంతులో కోపం కూడా లేదు.

"ఎప్పుడు చూసినవ్?" అంది.

లింగస్వామి లేచి వంటింట్లోకి వెళ్లాడు. ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు, కాసేపటికి వేసిన చప్పుడు వినిపించాయి. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇప్పుడే" అన్నాడు. "ఉన్నయి."

అప్పుడు ఆమె లేచింది.