మీటింగ్ కోసం పీకేసిన ముళ్ళ తోటకూర

ముళ్ళ తోటకూర చేను గట్ల మీద దానంతటదే మొలుస్తుంది. మా అవ్వ మాత్రం దాన్ని ఇంటి ముందు గోడ వెంట పెంచుతుంది. ముల్లు ముదరకముందే లేత చిగుళ్ళు గిల్లి పప్పులో వేయాలని రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోస్తుంది.

ఈ రోజు ఊరికి ఆఫీసరు మేడం వస్తున్నారని మా ఊరి సర్పంచి సుబ్బరాయుడు మామ పొద్దున్నే వీధంతా శుభ్రం చేయించాడు. అవ్వ పాలకేంద్రంలో పాలు పోసి వచ్చేసరికి గోడ పక్కన ఒక్క మొక్కా లేదు.

"ఏంది అల్లుడా ఇట్ల జేసినావు? రేపు గిల్లుదామనుకుంటి!"

"కంపచెట్లు గదత్తా! మేడం చీరకు తగులుకుంటే ఊరి పరువేం గావాల?"

పదకొండింటికి షామియానా కింద మేడం ప్రసంగించారు. "ఇంటి దగ్గర ఆకుకూరలు పెంచండమ్మా, రక్తం పడుతుంది." అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది మామే. తర్వాత అవ్వ చేతిలో పాలకూర విత్తనాల ప్యాకెట్ పెట్టి ఫోటో తీశారు.

అవ్వ ఆ ప్యాకెట్‌ను తిప్పి చూసి మైకు ముందే అడిగింది. "ఇవి మొలిచినాక పీకేదానికి మళ్ళా ఎప్పుడొస్తారు మేడం?"

మామకు సరిగ్గా అప్పుడే ఏదో ఫోన్ వచ్చింది.

మీ ఊళ్ళో పెద్దవాళ్ళ రాక కోసం ఏమేం పీకేశారో చెప్పండి. మా మామకు కాస్త తోడు దొరుకుతుంది.