ఫిజీలో ఉండిపోయిన ఏడు వారాలు

పోయిన ఆదివారం మా సంఘంలో పంతొమ్మిదేళ్ళ కుర్రవాడొకడు రెండేళ్ళ మిషనరీ సేవకు పరదేశం వెళుతుంటే, వీడ్కోలు కూటంలో పెద్దవాణ్ణని నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడి గొంతు సవరించుకున్నాను గానీ, ముందు వరసలో వాడి అన్న వాడి టై ముడి సరిచేస్తూ కనిపించేసరికి, క్షేమంగా వెళ్ళిరమ్మని మాత్రం చెప్పి కూర్చున్నాను. ఆ రోజు చెప్పలేకపోయింది నా ఈడు వారితో ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మాది ఖరగ్‌పూర్. నాన్నగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరారు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన పోతే, ఆ ఉద్యోగం నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దవాడైన మా అన్నకు ఇచ్చారు. ఇరవై రెండేళ్ళకే అన్న ఇంటికి పెద్దయ్యాడు. ఆదివారం పొద్దున్నే నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని గోల్‌బజార్ చేపల దుకాణాల దగ్గరికి తీసుకెళ్ళి, వచ్చీరాని బెంగాలీలో దాదా, దాదా అంటూ ప్రతి దుకాణదారుతోనూ బేరమాడి, గెలిచినా ఓడినా నవ్వుకుంటూ తిరిగి వచ్చేవాడు. శనివారం సాయంత్రం తెలుగువాళ్ళ గుడిలో భజనకు వెళ్ళేవాడు. పాట రాదు కనుక తాళాలు పట్టుకునేవాడు, అవీ లయ తప్పేవి. ఎవరూ ఏమీ అనేవారు కారు, అంత మంచివాడు.

నన్ను కాలేజీ చదువుకు విశాఖపట్నం పంపింది అన్నే. ఎనభైల చివర అక్కడ ఒక తోటి విద్యార్థి నన్ను అద్దె ఇంట్లో జరిగే ప్రార్థన కూటానికి తీసుకెళ్ళాడు. క్రైస్తవుల్లో లోకం మార్మన్లని పిలిచేవాళ్ళ కూటం అది. పట్టుమని ఇరవైమంది లేరు. ఆ రోజు ఒక ముసలాయన, కుటుంబమనేది చావుతో తెగిపోయేది కాదని, దేవుడి ఎదుట కట్టిన బంధం ఆవలి ఒడ్డున కూడా నిలుస్తుందని చెప్పాడు. తండ్రి లేని పిల్లవాణ్ణి, ఆ మాట నన్ను పట్టేసింది. ఏడాది తిరక్కుండా బాప్తిస్మం తీసుకున్నాను.

సెలవులకు వెళ్ళి ఆ సంగతి చెప్పినప్పుడు అమ్మ ఏడ్చింది. అన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు టీ దుకాణానికి తీసుకెళ్ళి, మా కొత్త నియమం ప్రకారం నేను టీ మానేశానని గుర్తొచ్చి నాకు పాలు చెప్పి, గ్లాసు చేతికిస్తూ అన్నాడు.

"దేవుణ్ణి మార్సినావు, సరే. అన్నని మార్సకురా."

అన్నకు పెళ్ళయి వదిన ఇంటికొచ్చాక, రెండేళ్ళ సేవకు నాకు ఫిజీ దీవులకు పిలుపొస్తే, సంచీ సర్దింది కూడా అన్నే. నాకు హిందీ రావడం అక్కడ అక్కరకొచ్చింది. తెల్ల చొక్కా, నల్ల పాంటు, జేబు మీద పేరు పలక, పక్కన టోంగా నుంచి వచ్చిన జతగాడు, చెరకు తోటల మధ్య మట్టి దారులు. మమ్మల్ని ఎల్డర్ అని పిలిచేవారు. దానికి పెద్ద అని అర్థమని రాస్తే, మనింట్లో పెద్దని నేను బతికే ఉన్నానని అన్న జవాబు రాశాడు. ఆ ఉత్తరం చదివి తోటలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

వారానికి ఒక ఉత్తరం, ఏడాదికి రెండుసార్లు ఫోను, అదీ మా నియమం. క్వార్టరులో ఫోను లేదు కనుక, అన్న గోల్‌బజార్‌లో తెలిసిన వాళ్ళ ఎస్టీడీ బూత్‌కి పొద్దున్నే వెళ్ళి కూర్చునేవాడు. రెండో క్రిస్మస్‌కి లైను కలిసింది మూడు నిమిషాలు. "ఒరే, ఇనబడతందా? అక్కడ సేపలు దొరుకుతాయేటి? ఏ సేపలు?" అని అరుస్తుంటే, రెండు నిమిషాలు చేపల మీదే గడిచిపోయాయి. అన్న గొంతు నేను వినడం అదే చివరిసారి.

తిరుగు ప్రయాణానికి ఏడు వారాలుందనగా టెలిగ్రాం వచ్చింది. మన తరం వారికి చెప్పనక్కరలేదు, ఆ కాగితం విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. అన్నకు కామెర్లు ముదిరాయి, బయల్దేరి రమ్మని. మా మీద పెద్దగా ఉన్న ముసలి అమెరికా దొర కళ్ళనీళ్ళు పెట్టుకుని, వెళ్ళాలంటే టికెట్టు ఏర్పాటు చేస్తానని, వెళితే ఎవరూ తప్పుగా అనుకోరని, నిర్ణయం మాత్రం నాదేనని చెప్పాడు. నేను ఒక రోజు ఉపవాసం ఉండి ప్రార్థన చేశాను. మనసు నెమ్మదించింది. ఆ నెమ్మదినే దేవుడి జవాబనుకున్నాను. అన్న కోలుకుంటాడు, నా మొక్కు చెల్లుతుంది అని.

అక్కడ మేము వెళ్ళే ఇళ్ళలో ఒక ముసలమ్మ ఉండేది. వాళ్ళ తాత చెరకు పనికి మా శ్రీకాకుళం వైపు నుంచే ఓడెక్కి వచ్చాడట. ఆవిడ దగ్గర మిగిలిన నాలుగు తెలుగు మాటల కోసమే నేను ఆ ఇంటికి ఎక్కువసార్లు వెళ్ళేవాణ్ణి. సంగతి విని నా చెయ్యి పట్టుకుంది.

"దేవుడు యాడికీ పోడు బాబూ. మనిసే పోతాడు. ఎల్లు."

వినలేదు. ప్రార్థిస్తున్నాను, సేవ ముగించుకుని వస్తానని ఇంటికి టెలిగ్రాం ఇచ్చాను. పన్నెండో రోజున రెండోది వచ్చింది. అన్న పోయాడని తప్ప, దానిలో రావద్దనీ లేదు, రమ్మనీ లేదు. మిగిలిన వారాలన్నీ గడప గడపకూ తిరిగి, కుటుంబాలు చావుతో తెగవని చెబుతూనే ఉన్నాను. నమ్మే చెప్పాను. చెబుతున్నప్పుడు మాత్రం ఎవరి ముఖంలోకీ చూడలేదు.

ఖరగ్‌పూర్‌లో దిగేసరికి స్టేషనుకు ఎవరూ రాలేదు. అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది, తిట్టనైనా తిట్టలేదు. వదిన అన్నం పెట్టింది, నీళ్ళు తోడింది. నాలుగో రోజు మధ్యాహ్నం వరండాలో బియ్యం ఏరుతూ, చేట మీది నుంచి కళ్ళెత్తకుండానే మొదలుపెట్టింది.

"నీ టెలిగ్రాం ఆయనకి సూపించలేదు. రోజూ అడిగినారు, తమ్ముడొచ్చినాడేటి అని. హౌరా నుంచి బండి లేటు అని సెప్పినాను. తొమ్మిది రోజులు అదే మాట సెప్పినాను. రైల్వే మనిషి కదా, నమ్మినారు."

క్షమించమని కాళ్ళ దగ్గర కూర్చున్నాను. వదిన చేట పక్కన పెట్టింది.

"నిన్నేటీ అన్లేదు నేను. అబద్ధమాడింది నేను. పోయే మనిషితో ఆడినాను. మీ దేవుడు దాన్ని పాపం కింద రాసుకుంటాడేటి? రెండేళ్ళు అందరికీ సెప్పొచ్చినావు కదా, నాకూ సెప్పు."

ఎండలో ఎన్ని గుమ్మాల ముందు నిలబడి ఎంతమంది ప్రశ్నలకు జవాబు చెప్పానో. ఆవిడతో, లేదమ్మా, నీది పాపం కాదు అని ఆ ఒక్క ముక్కైనా అని ఉండవలసింది. అదీ తట్టలేదు. ఆవిడే చేట తీసుకుని లోపలికి వెళ్ళింది.

వదినకు రైల్వే ఆఫీసులోనే ఉద్యోగమిచ్చారు, ఇప్పుడు పింఛనుతో ఖరగ్‌పూర్‌లోనే తాల్‌బగీచాలో ఉంటోంది. ఏటా వెళ్ళి చూసి వస్తాను. ఆనాడు చెప్పలేని మాట పదేళ్ళ తరవాత చెప్పాను. "ఇప్పుడెందుకులే బాబూ" అని, వేడి వేడిగా పాలు తెచ్చిచ్చింది. నేను నా విశ్వాసం వదల్లేదు. పోయినవారి పేరిట బాప్తిస్మం వంటి సంస్కారాలు జరిపించే పద్ధతి మాలో ఉంది, నాన్నగారి పేరు ఇచ్చాను. అన్న పేరు ఇవ్వడానికి ఈనాటికీ చెయ్యి రాలేదు. తాళాలు పట్టుకున్న ఆ గుడిలోనే అన్నను ఉండనిచ్చాను. ఆవలి ఒడ్డున కనిపిస్తే ముందు చేపల సంగతే అడుగుతాడని నా నమ్మకం.

ఈ కాలపు పిల్లలు సేవలో ఉండగానే వారం వారం ఇంట్లో వాళ్ళ ముఖాలు ఫోనులో చూసుకుంటున్నారు. గోల్‌బజార్‌లో ఆ బూత్ ఉన్న చోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఏ బండి ఏ స్టేషను దాటిందో, ఎన్ని నిమిషాలు ఆలస్యమో మంచం మీద పడుకున్నవాడికి కూడా తెలిసిపోతోంది. మంచిదే. కానీ ఎదురుచూస్తూ పోయేవాడికి బండి లేటని చెప్పి, ఇంకొక్క రోజు ఆశ మిగల్చడం ఇక ఏ వదిన తరమూ కాదు.